జపానువారి వేలం, పరాయివాడి పాట

వేలం అన్న మాట మనది కాదు. పోర్చుగీసువారి ‘లెయిలావ్’ మన రేవుల్లో దిగి, తమిళంలో ఏలమై, హిందీలో నీలామై, మన నోట వేలమై స్థిరపడింది. దానికి పాటను జతచేసినవాళ్ళం మాత్రం మనమే. సర్కారువారి పాట ఒకటోసారి, రెండోసారి అని నలుగురిలో గొంతెత్తితేనే మనకు వేలం. జపానువారికీ చేపల బజారులో అరిచి పాడే వేలం ఉంది, దాన్ని ‘సెరి’ అంటారు. కాని అంతర్జాలంలో వేలం పెట్టినప్పుడు వారు ఎంచుకున్నవి చీటీ మాటలు. ధర పలకడం ‘న్యూసత్సు’, అంటే చీటీ వేయడం. సరుకు దక్కించుకోవడం ‘రకుసత్సు’, అంటే చీటీ పడటం. పాట నలుగురికీ వినిపిస్తుంది. చీటీ ఎవరు వేశారన్నది చాలాసార్లు వేసినవాడికే తెలియాలి.

ఆ చీటీని పరాయి దేశంవాడు స్వయంగా వేయగలడా అన్నదే ఇక్కడ నా విచారణ. నాలుగు వందల ఏళ్ళ చరిత్ర తిరగేస్తే, ఎక్కువ కాలం వేయలేడనే తేలుతుంది. అతని బదులు ఎవరో ఒకరు ఆ గడ్డ మీద నిలబడి వేయాలి. దేశంకాని దేశంలో ఉంటూ జపాను వేలాల్లో పాత సిరాకలాలకూ, కెమెరాలకూ, గ్రామఫోను రికార్డులకూ అలవాటుపడిన చదువరులకు ఈ మనిషి సుపరిచితుడే. ప్రాక్సీ అని పిలుస్తాం. జపానువారు ‘దైకో’ అంటారు, ఒకరి బదులు మరొకరు పని చక్కబెట్టడం అన్నమాట. మన పాత మాటల్లో వెతికితే దుబాసీకీ అడితిదారుకీ మధ్య ఎక్కడో ఉంటాడు.

భాష రానివాడికి భాష అరువిచ్చేవాడే ఈ మధ్యవర్తి అని సాధారణాభిప్రాయం. అది సగం కూడా నిజం కాదని నా నమ్మకం. లోటు భాషదే అయితే ఈపాటికి యంత్రానువాదం వీళ్ళ కొట్లు కట్టేయించి ఉండాలి. కొట్లు మూతపడకపోగా పెద్దవయ్యాయి. అమ్మేవాడికి కావలసింది తన భాష మాట్లాడే మనిషి మాత్రమే కాదు, రేపు తేడా వస్తే తన దేశంలో దొరికే మనిషి. డబ్బు ఇచ్చేది బయటివాడు, జవాబు చెప్పుకోవలసింది లోపలివాడికి. ఈ ఏర్పాటు అంతర్జాలంతో పుట్టింది కాదు. దీని మూలం చూడాలంటే నాగసాకి వెళ్ళాలి.

నాగసాకి రేవులో సముద్రాన్ని పూడ్చి విసనకర్ర ఆకారంలో కట్టిన చిన్న దీవి దేజిమా. 1636లో పోర్చుగీసువారిని ఒకచోట కట్టడి చేయడానికి కట్టారు. వారిని దేశంనుంచే వెళ్ళగొట్టాక, 1641లో హిరాదోనుంచి డచ్చివారిని తెచ్చి అందులో పెట్టారు. ఊరికీ దీవికీ నడుమ ఒకటే వంతెన. అనుమతి లేనిదే అటువాళ్ళు ఇటు రాకూడదు, ఇటువాళ్ళు అటు పోకూడదు. రెండు శతాబ్దాలకు పైగా ఐరోపాకూ జపానుకూ నడుమ చట్టబద్ధమైన వర్తకమంతా ఆ వంతెన మీదుగానే సాగింది.

డచ్చివాడు తన సరుకును జపాను వర్తకుడికి నేరుగా అమ్ముకోలేడు. 1698 నాటికి నాగసాకి కైషో అనే సంస్థ ఏర్పడి, దిగుమతి సరుకును తానే మదింపు వేసి కొనేది. ఆపైన ఎదో, క్యోటో, ఒసాకా, సకాయ్, నాగసాకి నగరాల వర్తకులచేత చీటీలు వేయించి అమ్మేది. ఆ చీటీల్లో పడిన ధరకూ, డచ్చివాడికి ముట్టిన ధరకూ మధ్య ఉన్న తేడా ఎవరికి చేరేదో వేరే చెప్పనక్కరలేదు. 1715లో ఏడాదికి రెండే ఓడలని కట్టుబాటు చేశారు. 1790లో దాన్ని ఒకటికి కుదించారు.

ఇక దుబాసీలు. ‘త్సూజి’ అని వీరికి పేరు. ఇది వంశపారంపర్యమైన ఉద్యోగం. పెద్ద త్సూజి, చిన్న త్సూజి అని అంతస్తులున్నాయి. మాట తర్జుమా చేయడం వీరి పనుల్లో ఒకటి మాత్రమే. సరుకు లెక్క చూడటం, కాగితాలు రాయడం, డచ్చివారి రాకపోకలు కనిపెట్టి పైవారికి నివేదించడం కూడా వీరి విధులే. వీరికి వచ్చే జీతం ఆ వర్తకపు రాబడిలోనిదే అయినా, వీరు డచ్చివారి కొలువులో ఉన్నవారు కారు, ప్రభుత్వోద్యోగులు. ఈ చిన్న తేడా దగ్గరే మధ్యవర్తి స్వభావమంతా ఉంది.

ఈ కథలో మన తీరానికీ చిన్న పాత్ర ఉంది. 1605లో డచ్చివారు మచిలీపట్నంలో దిగారు. కోరమండల్ తీరపు అద్దకం బట్టలు బటావియా మీదుగా నాగసాకి చేరేవి. అక్కడ వాటిని ‘సరస’ అన్నారు. తేనీటి సంస్కారంలో వాడే విలువైన పాత్రలకు సంచులుగా కుట్టించుకుని, చిన్న ముక్క కూడా పారేయకుండా దాచుకున్నారు. హికోనె ప్రభువులైన ఈయి వంశంవారు అలా కూడబెట్టిన సుమారు 450 ముక్కలు ఇప్పుడు తోక్యో జాతీయ ప్రదర్శనశాలలో ఉన్నాయి. చారల బట్టకు జపానువారు పెట్టుకున్న ‘సంతోమె’ అనే పేరు మైలాపూరు దగ్గరి శాన్ తోమె నుంచి వచ్చిందే. బదులుగా జపాను రాగి మన తీరానికి వచ్చి అమ్ముడుపోయేది. అద్దకంవాడికి తన బట్ట ఎక్కడికి పోతున్నదో తెలియదు. సంచి కుట్టించుకున్న ప్రభువుకు అది ఏ ఊరి చేతిపనో తెలియదు. ఇక్కడ కూడా నేతగాడికి డచ్చివాడు నేరుగా డబ్బు ఇచ్చేవాడు కాదు. బయానా పుచ్చుకుని సాలెల చేత నేయించి ఇచ్చే స్థానిక వర్తకులు మధ్యలో ఉండేవారు. అంటే ఒక బట్టకు రెండు కొసలా ఇద్దరు దళారులు.

జవాబుదారీ అన్నానుగా, దాని వెల ఎంతో రెండు ఉదంతాల్లో కనిపిస్తుంది. ఎంగెల్బెర్ట్ కెంఫర్ అనే జర్మను వైద్యుడు 1690 నుంచి 1692 దాకా దేజిమాలో ఉన్నాడు. జపాను గురించి ఆయన రాసిన చరిత్ర 1727లో లండనులో ఇంగ్లీషులో వెలువడి, చాలాకాలం ఐరోపాకు కళ్ళద్దంగా ఉపయోగపడింది. దీవి దాటి తిరగడానికి వీల్లేనివాడికి అంత సమాచారం ఎక్కడిది? తనకు సహాయం చేసిన ఒక తెలివైన యువకుణ్ణి ఆయన ప్రస్తావిస్తాడు కాని పేరు చెప్పడు. ఆ యువకుడు తర్వాతికాలంలో పేరున్న దుబాసీ అయిన ఇమమురా గెన్ఎమోన్ అని చాలా కాలానికి గాని పరిశోధకులు తేల్చలేదు. పేరు దాచడం ఆ కుర్రవాడికి చేసిన మేలనే అనుకోవాలి.

పేర్లు బయటపడితే ఏమయ్యేదో 1828లో తెలిసివచ్చింది. సీబోల్ట్ అనే మరొక వైద్యుడి దగ్గర, దేశం దాటించకూడని జపాను పటాలు ఉన్నాయని బయటపడింది. వాటిని ఇచ్చినవాడు ప్రభుత్వ ఖగోళశాఖ అధిపతి తకహాషి కగెయసు. బదులుగా ఆయన పుచ్చుకున్నవాటిలో రష్యా నావికుడు క్రూజెన్‌స్టెర్న్ యాత్రాగ్రంథం ఒకటి. సీబోల్ట్‌ను 1829లో దేశంనుంచి వెళ్ళగొట్టారు. ఆయన ఐరోపా చేరి గ్రంథాలు రాసి గౌరవంగా బతికాడు. తకహాషి 1829లో చెరసాలలోనే చనిపోయాడు. ఉప్పులో నిలవబెట్టిన ఆయన శవానికే తీర్పు చెప్పారు. దుబాసీలు పలువురు శిక్షల పాలయ్యారు. బయటివాడు ఓడ ఎక్కాడు, లోపలివాడు లెక్క అప్పజెప్పాడు.

1859లో యొకొహామా రేవు తెరిచాక దళారుల అవసరం తీరిపోతుందని అనుకున్నవాళ్ళు ఉండే ఉంటారు. తీరలేదు. విదేశీయులు రేవునుంచి పది ‘రి’ల దూరం, అంటే సుమారు 40 కిలోమీటర్లు దాటి స్వేచ్ఛగా వ్యాపారం చేసుకోవడానికి వీల్లేదు. ఆ ఆంక్ష 1899 వరకు నిలిచింది. లోపలి ఊళ్ళ పట్టు రేవుకు తెచ్చి అమ్మే జపాను వర్తకులు ఒకవైపు, విదేశీ కొట్ల పక్షాన బేరం చేసే చీనా దళారులు మరొకవైపు స్థిరపడ్డారు. తలుపు తెరుచుకుంది, ద్వారపాలకులు మాత్రం ఇద్దరయ్యారు.

ఈ వరసలో నాకు మిక్కిలి ఇష్టుడైనవాడు హయాషి తదమస. 1853లో తకఓకలో పుట్టాడు. ఫ్రెంచి నేర్చాడు. 1878 పారిసు ప్రదర్శనకు ఒక జపాను వర్తక సంస్థ తరఫున దుబాసీగా వెళ్ళి, ప్రదర్శన ముగిశాక అక్కడే ఉండిపోయి కొట్టు పెట్టాడు. ఆ రోజుల్లో పారిసు కళాకారులకూ రసికులకూ జపాను చెక్కబొమ్మల అచ్చులంటే పిచ్చి. ఎదో నగరంలో సామాన్యుడు కొనుక్కున్న ఆ కాగితాలను హయాషి పదకొండేళ్ళలో లక్షన్నరకు పైగా తెప్పించాడని లెక్క తేలింది. ఎద్మన్ ద గోంకూర్ ఉతమారో మీద 1891లో, హొకుసాయి మీద 1896లో పుస్తకాలు వేశాడు. జపాను భాష రాని గోంకూరుకు మూలగ్రంథాలు చదివి చెప్పింది హయాషియే.

హయాషి చేసిన గొప్పపని మరొకటి. తన చేతిమీదుగా పోయిన మంచి బొమ్మల మీద తన పేరుతో చిన్న ఎర్ర ముద్ర వేసేవాడు. ఇది నేను చూశాను, ఇది మంచిది అని దాని అర్థం. ఈనాటికీ ఆ ముద్ర ఉన్న బొమ్మను కొనేవాడు కొంత ధైర్యంగా కొంటాడు. దుబాసీలు లోపలివాడికి జవాబుదారులని పైన చెప్పాను. హయాషి ఆ దిశను తిప్పి, కొనేవాడికి జవాబుదారీ వహించాడు. దానికి ఫలితం, స్వదేశంలో దేశపు కళాసంపదను అమ్మేసుకున్నవాడనే నింద. ఆయన తాను కూడా ఫ్రెంచి చిత్రకారుల బొమ్మలు సేకరించి, తోక్యోలో వాటికొక ప్రదర్శనశాల కట్టాలనుకున్నాడు. అది జరగకుండానే 1906లో చనిపోయాడు. ఆ బొమ్మలు 1913లో న్యూయార్కులో చెల్లాచెదురుగా అమ్ముడుపోయాయి. అమ్మింది వేలంలోనే.

ఇక మన కాలానికి వద్దాం. యాహూ జపాను 1999 సెప్టెంబరులో వేలాల విభాగం తెరిచింది. ఈబే 2000లో జపానులో అడుగుపెట్టి, నిలదొక్కుకోలేక 2002లో వెనక్కి వెళ్ళిపోయింది. యాహూలో మొదట రుసుములేవీ లేకపోవడం అందుకొక ముఖ్య కారణం. ఈబే నిలిచి ఉంటే విదేశీ కొనుగోలుదారుకు దారి సుగమమయ్యేదేమో. దాని పద్ధతులు దేశదేశాలకూ ఒకటే గనుక. అది పోవడంతో జపాను వేలం జపాను లోపలి వ్యవహారంగానే ఎదిగింది. మోసాలూ దొంగసరుకూ పెరిగాయని 2001లో నెలకు 280 యెన్ల రుసుమూ, గుర్తింపు తనిఖీ పెట్టారు. ఉద్దేశం మంచిదే. కాని ఆ పూటతో బయటివాడికి గేటు పడింది. జపాను చిరునామా లేదు, అక్కడి బ్యాంకు ఖాతా లేదు, ఫోను లేదు. పైగా చాలామంది అమ్మకందార్లు తపాలా పొదుపు ఖాతాకు జమ చేస్తే తప్ప సరుకు పంపేవారు కారు. ‘విదేశాలకు పంపం’ అన్న వాక్యం అమ్మకపు పుటల్లో అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

మొదట్లో ఈ పని స్నేహధర్మంగా సాగింది. జపానులో చదువుకునేవాళ్ళూ, అక్కడ ఇంగ్లీషు పాఠాలు చెప్పుకునేవాళ్ళూ తమ మిత్రులకోసం చీటీలు వేసి, సరుకు తమ గదికి తెప్పించుకుని, మళ్ళీ కట్టి పంపేవారు. తర్వాత సంస్థలు వచ్చాయి. 2012లో బయ్యీ, 2014లో ఒసాకాలో జెన్‌మార్కెట్, ఇంకా చాలా. గిడ్డంగులూ తూకాలూ వచ్చాయి. నాలుగైదు పొట్లాలను ఒకే పెట్టెలో సర్దడం ఒక శాస్త్రమైంది.

ఇందులోని కిటుకులు తెలియనివారికోసం కొంచెం చెబుతాను. వేలం ముగింపుకు అయిదు నిమిషాల లోపు ఎవరైనా ధర పెంచితే, అమ్మేవాడు ఆ ఏర్పాటు పెట్టుకుని ఉంటే, గడువు మరో అయిదు నిమిషాలు జరుగుతుంది. కాబట్టి ఆ ఏర్పాటు ఉన్న వేలాల్లో చివరి క్షణంలో కాటు వేసి పారిపోవడం పారదు. అమ్మకపు పుట అడుగున ‘నో క్లెయిమ్, నో రిటర్న్’ అనే మాటలు కనిపిస్తాయి. రెండూ ఇంగ్లీషువే అయినా జపానులో వాటికొక శాసనపు గాంభీర్యం వచ్చింది, సరుకు ఎలా ఉన్నా నోరెత్తకూడదని. ‘జంక్’ అని రాస్తే చెత్త అని కాదు, పనిచేస్తుందో లేదో నన్ను అడగవద్దు అని. ఇంకొక సంగతి. దైకో సంస్థ తన ఖాతాతోనే చీటీ వేస్తుంది గనుక, ఒకే వస్తువుకోసం అదే సంస్థ గడప తొక్కిన ఇద్దరి తరఫునా ఒకే ఖాతా పోటీ పడటం కుదరదు. తన ప్రత్యర్థి తన దుబాసీకి మరొక ఖాతాదారేనన్న సంగతి కొనేవాడికి తెలియకనేపోవచ్చు.

ముఖ్యమైన ప్రశ్న, సరుకు పాడైతే నష్టం ఎవరిది? ఇక్కడే నాగసాకి మళ్ళీ కనిపిస్తుంది. డబ్బు చెల్లించకపోతే చెడ్డపేరు వచ్చేది దైకో ఖాతాకు. అందుకే ఆ సంస్థ మన డబ్బు ముందే రాబట్టుకుంటుంది, అమ్మేవాడికి సకాలంలో చెల్లిస్తుంది, మర్యాదగా ఉత్తరం రాస్తుంది. వేల లావాదేవీల మంచిపేరు దానికి అలా వచ్చిందే. కొనేవాడి వైపుకు వచ్చేసరికి, అమ్మకందారు మాటలే నిబంధనలవుతాయి. విరిగిందో, నకిలీదో అయితే సాధారణంగా వినిపించేది ‘మేము మీ బదులు కొన్నాం, అంతే’ అన్న జవాబు. తనిఖీ కావాలంటే దానికో రుసుము, పూచీ కావాలంటే దానికో రుసుము. హయాషి ఉచితంగా వేసిన ఎర్ర ముద్రను ఈనాడు విడిగా తూచి అమ్ముతున్నారు. ఇది మోసమని నేను అనను. వారు ఎవరికి జవాబుదారులో తెలుసుకుని కొనాలని మాత్రం అంటాను.

నా అనుభవం ఒకటి. మన ఊళ్ళ సంబరాల్లో వినిపించే బుల్‌బుల్ వాద్యం జపాను బిడ్డ. నగోయాలో మొరిత గోరో అనే ఆయన 1912లో కల్పించిన తైషోగోతో అది. టైపుమిషను మీటల్లాంటి మీటలు తంతుల మీద ఒత్తుకుంటాయి. సముద్రం దాటి వచ్చి పేరు మార్చుకుంది. దాని పుట్టింటి రూపం ఒకటి కావాలనిపించి, అమెరికాలో కూర్చుని ఒక దైకో ద్వారా చీటీ వేశాను. నాకు పోటీ ఎవరూ రాలేదు. ఆ వాద్యం జపాను ఇళ్ళ అటకల మీద కుప్పలుగా ఉన్నట్టుంది. వెల వెయ్యి యెన్లు. దైకో రుసుము, దేశంలోపలి రవాణా, పెట్టె కట్టించిన కూలి, అంతర్జాతీయ తపాలా కలిస్తే వెలకు పదిరెట్లకు పైన. అది బారెడు పెట్టె. అదృష్టవశాత్తు ఈ.ఎం.ఎస్.లో అసలు బరువుకే లెక్క కట్టారు. కొరియరువారైతే పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి, పెట్టెలోని గాలికి కూడా కిరాయి వసూలు చేసేవారు. తంతులు మారిస్తే చక్కగా పలుకుతోంది. దాన్ని అమ్మిన పెద్దమనిషికో పెద్దావిడకో అది ఎక్కడికి వెళ్ళిందో తెలియదు. వారి దృష్టిలో అది తమ దేశంలోనే ఏదో గిడ్డంగి చిరునామాకు వెళ్ళిన పొట్లం. మచిలీపట్నం అద్దకంవాడు గుర్తుకొచ్చాడు.

గడిచిన కొన్నేళ్ళలో ఈ దారి ఇరుకై, దైకోల విలువ ఇంకా పెరిగింది. 2020లో విమానాలు ఆగినప్పుడు జపాను తపాలా చాలా దేశాలకు పొట్లాలు తీసుకోవడం మానేసింది. చవకగా నిదానంగా వెళ్ళే శాల్ తపాలా అప్పుడే నిలిచింది. 2021లో బ్రిటనూ ఐరోపా సమాఖ్యా చిన్న పొట్లాల మీద ఉన్న పన్ను మినహాయింపులు ఎత్తివేశాయి. 2022 ఏప్రిల్ 6 నుంచి యాహూ జపాను తన పుటలను బ్రిటనుకూ, ఐరోపా ఆర్థిక మండలికీ మూసివేసింది. అక్కడివారు అమ్మకపు పుటను కళ్ళతో చూడాలన్నా దైకో సంస్థల పుటల్లో చూసుకోవలసిందే. సరుకే కాదు, చూపు కూడా మధ్యవర్తిదే అయింది. దేజిమా వంతెన కూడా ఇంత పని చేయలేదు, కనీసం కిటికీలోంచి ఊరు కనిపించేది.

అమెరికా వంతు 2025లో వచ్చింది. 800 డాలర్ల లోపు పొట్లాలకు ఉన్న సుంకం మినహాయింపు ఆగస్టు 29న రద్దయింది. రెండు రోజుల ముందు, 27వ తేదీనుంచి, జపాను తపాలా సంస్థ అమెరికాకు సరుకుల పొట్లాలు చాలామటుకు తీసుకోవడం ఆపింది. సుంకం ముందే లెక్కగట్టి వసూలు చేసే బాధ్యత ఎవరు తలకెత్తుకోవాలన్న చిక్కు అది. తపాలావారు తప్పుకున్న చోట కొరియరు కంపెనీలు నిలిచాయి. దైకోలు తమ ఖాతాదారులను అటు మళ్ళించారు. ఆ వారాల్లో ఇక్కడి మిత్రులు కొందరు చీటీ పడిన సరుకులను జపాను గిడ్డంగుల్లోనే ఉంచుకుని, నిలవ గడువు తీరేలోగా సముద్రపు దారి వెతకాలా, కొరియరుకు గాలి కిరాయి కట్టాలా అని లెక్కలు వేసుకున్నారు. నా పేర కూడా అప్పుడొక చిన్న పొట్లం ఉండేది. పాత సిరాకలం, జంక్ అని రాసి అమ్మినది.